లామినేషన్ చేసిన వాగ్దానం

మా ప్రాంతంలో జనానికి లామినేషన్ పిచ్చి ఉంది. రేషను కార్డు, పెళ్ళి ఫొటో, పదో తరగతి మార్కుల జాబితా, కుక్క కరిచినప్పుడు ఆసుపత్రిలో రాసిచ్చిన సూదుల చీటీ, దేన్నీ వదలరు. పలాసలో టీ కొట్లు ఎన్నున్నాయో లామినేషన్ కొట్లూ దాదాపు అన్నే ఉన్నట్టు నాకు అనిపిస్తుంది. మొన్నామధ్య నా డిగ్రీ సర్టిఫికెట్ వెనకాల ఒక స్టాంపు, ఒక సంతకం వేయించుకోవాల్సి వచ్చింది. గుమాస్తా దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకి ఎత్తి చూశాడు. "దీని మీద సిరా నిలవదు సార్. లామినేషన్ తీసేసి పట్టుకు రండి," అన్నాడు. తీస్తే సర్టిఫికెట్ కూడా దాంతోపాటే ఊడి వస్తుందన్నాను. "అది మీ ఇష్టం సార్," అన్నాడు. నా ఇష్టాన్ని అంతగా గౌరవించిన ఉద్యోగిని నేను అంతకుముందు చూడలేదు.

అయితే లామినేషన్ మీద నా కోపం ఆ సర్టిఫికెట్‌తో మొదలైంది కాదు. మా అప్ప ఇంట్లో మంచం పక్కన గోడకి ఒక కార్డు ఉండేది. అరచేతిలో ఇమిడిపోయేంత కార్డు. దాన్ని పలాస తీసుకెళ్ళి లామినేషన్ చేయించింది నేనే.

మా వైపు అక్కని అప్ప అంటాం. అప్ప నాకంటే నాలుగేళ్ళు పెద్ద. పూండికీ సముద్రానికీ మధ్య కొబ్బరితోటల్లో మా ఊరు. చుట్టుపక్కలంతా వరి, కొబ్బరి, జీడి పండించుకునే హిందువుల ఇళ్ళు. క్రైస్తవులం మేం ఎంతమందిమంటే, సంఘమంతా కలిసి ఏదైనా పెళ్ళికి బయల్దేరితే ఒక బస్సులో వెనక సీట్లు ఖాళీగా మిగులుతాయి. నేను టెక్కలిలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. అప్ప ఊళ్ళోనే ఉంటుంది, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీకి పప్పు మీద పొట్టు తీసే పనికి వెళ్తుంది. వేళ్ళ చివర్లు నల్లబడి ఉంటాయి. ఎంత కొబ్బరినూనె రాసినా ఆ నలుపు పోదు.

మా సంఘాల్లో ఒక ఆచారం ఉంది. కొత్త సంవత్సరం ఆరాధనలో ఒక స్టీలు పళ్ళెం నిండా చిన్న చిన్న కార్డులు బోర్లించి, తెల్లటి గుడ్డ కప్పి, పాస్టరు గారు పట్టుకుంటారు. ఒక్కొక్కరూ వెళ్ళి, కళ్ళు మూసుకుని, గుడ్డ కింద చెయ్యి పెట్టి ఒక కార్డు తీసుకోవాలి. దాని మీద అచ్చయి ఉన్న వాక్యం ఆ ఏడాదికి దేవుడు ఆ మనిషికి ఇచ్చిన వాగ్దానం. రాలేనివాళ్ళ తరఫున ఇంట్లోవాళ్ళు తీయొచ్చు. తీసింది మార్చుకోకూడదు. ఇదివరకు ఈ ఆరాధన డిసెంబరు ఆఖరి రాత్రి జరిగేది. ఒకసారి జీడితోటలోంచి ఎలుగుబంటి వచ్చి చర్చి దారిలో నిలబడ్డాక, పెద్దలు ఆలోచించి ఒకటో తారీకు పొద్దుటికి మార్చారు. "సమయం మారింది గానీ ఉద్దేశం మారలేదు," అని పాస్టరు గారు ప్రకటించారు. ఎలుగుబంటి ఉద్దేశం గురించి ఆయన ఏమీ చెప్పలేదు.

ఆ రోజు ప్రసంగం మాత్రం ఏటేటా ఒకటే. క్యాలెండరు మారుతుంది, ధరలు మారతాయి, నాయకులు మారతారు, దేవుడు మారడు. ఈ మాట మీద నాకు తగువు లేదు. నేనూ నమ్ముతాను. పొద్దున్న ఒక స్వభావం, సాయంత్రం ఒక స్వభావం ఉన్న దేవుడైతే నేను ప్రార్థనకి బదులు దరఖాస్తు రాసుకుని, రసీదు తీసుకుని ఉంచుకునేవాణ్ణి. నా తగువంతా ఆ మాటని మా అప్ప మీద ఎలా వాడారన్నదాని మీద.

బావకి కిడ్నీలు పోయిన ఏడాది, జనవరిలో వాళ్ళింటికి వచ్చిన కార్డు దీర్ఘాయువు గురించి. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు గురించి నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరు పలాస వెళ్ళి డయాలసిస్ సూదులకి చెయ్యి చాపి పడుకుని వస్తూనే ఉంటారు. బావ కూడా వెళ్ళేవాడు. చాలాసార్లు ఆయన్ని తన బండి వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళింది పాస్టరు గారే. అది నేను మర్చిపోలేదు. నా కోపానికి ఆ జ్ఞాపకం పెద్ద ఇబ్బంది, అయినా రాస్తున్నాను. బావ క్రిస్మస్‌కి పది రోజుల ముందు పోయాడు. దీర్ఘాయువు సంగతేమిటని నేను అడిగాను. "దేవుడు మాట తప్పడు తమ్ముడూ. ఆ దీర్ఘాయువు నిత్యజీవం. ఇక్కడిది కాదు, అక్కడిది," అన్నారు పాస్టరు గారు. అలా అయితే కార్డు మీద ఒక మూలన చిన్న అక్షరాల్లో వేయించొచ్చు కదా అనుకున్నాను. పైకి అనలేదు. ఇంట్లో శవపేటిక వాసన ఇంకా పోలేదు.

పిల్లలు లేరు. అప్పకి అప్పుడు ముప్ఫై మూడు.

ఆ జనవరి ఒకటిన ఆమె చర్చికి రాలేదు. ఆమె తరఫున కార్డు నేను తెచ్చి ఇచ్చాను. నేనిచ్చిన కార్డులో, నిన్ను నాకోసం ప్రత్యేకంగా ఏర్పరచుకున్నాను, నువ్వు నా సొత్తు అన్న అర్థం వచ్చే వాక్యం ఉంది. అప్ప రెండుసార్లు చదువుకుని తలగడ కింద పెట్టుకుంది. బావ జ్ఞాపకార్థ కూడికలో పాస్టరు గారు, "ఈ సంవత్సరం ప్రభువు నీకేం వాగ్దానమిచ్చాడు తల్లీ?" అని అడిగారు. ఆమె కార్డు తీసి చూపించింది. ఆయన దాన్ని ఎత్తి పట్టుకుని ముప్పావుగంట మాట్లాడారు. ఈ సహోదరిని ప్రభువు తన సేవ కోసం ప్రత్యేకించుకున్నాడన్నారు. ఇది వట్టి వాగ్దానం కాదు, పిలుపు అన్నారు. వాగ్దానం ఏడాదికి, పిలుపు జన్మకి అన్నారు. ఏడాది గడువున్న కార్డుని అంత సులువుగా జన్మంతటికీ పొడిగించడం నేను మరెక్కడా చూడలేదు. కూడిక అయ్యాక అప్ప కార్డు నా చేతికిచ్చి, "దీన్ని పలాస తీసుకెళ్ళి ఆ ప్లాస్టిక్కు ఏయించీరా. తడిసిపోతాది," అంది. వేయించాను.

ఇక అప్పటి నుంచి అప్ప ప్రత్యేకమైపోయింది. ప్రత్యేకమంటే తెల్లచీర, ఆదివారం చర్చి ఊడవడం, సండే స్కూలు పిల్లల ముక్కులు తుడవడం, ఎవరింట్లో శుభకార్యం ఉన్నా వెనక వంటింట్లో ఉండడం. ఆ తర్వాత ప్రతి జనవరిలోనూ ఆమె వేరే కార్డులు తీసింది. అవన్నీ బీరువాలోకి వెళ్ళాయి. గోడ మీద అదొక్కటే.

ఐదేళ్ళు అలా నడిచింది. పోయిన వర్షాకాలంలో ఒక సాయంత్రం, మా సంఘంలో వెనక బెంచీ మీద కూర్చునే ఒకాయన టెక్కలిలో మా కాలేజీ గేటు దగ్గర పనసకాయ పట్టుకుని నిలబడ్డాడు. ఆయన కొబ్బరికాయలు కొని రాసులు పోసే దిన్నెల దగ్గర కాయలు ఒలిచే పని చేస్తాడు. భార్య పోయి మూడేళ్ళయింది, ఎనిమిదేళ్ళ కూతురుంది. ఆ పిల్ల సండే స్కూల్లో మా అప్ప కొంగు వదలదు. "మేష్టారూ, ఇలాగ పనిమీదొచ్చినాను," అని పనసకాయ ఇచ్చి వెళ్ళిపోయాడు. వారం తర్వాత మళ్ళీ వచ్చాడు. కొబ్బరిబొండాలు. "మేష్టారూ, ఇలాగే ఎల్తూ..." అని వెళ్ళిపోయాడు. టెక్కలి ఆయనకి ఏ దారిలోనూ తగలదు. మూడోసారి ఖాళీ చేతులతో వచ్చి, "బావా," అన్నాడు.

అప్పుడు నాకు అర్థమైంది.

"మరి మా అప్పని అడిగినావా?" అన్నాను. ఊరి మాట నోట్లోకి దానంతటదే వచ్చేసింది.

"అడిగినాను. గోడ సూపించింది."

"గోడేటి?"

"ఆ కాగితం. దేవుడొద్దన్నాడు కావోలు అంది. వద్దని ఆవిడ అన్నేదు బావా, దేవుడన్నాడు కావోలు అంది." ఆ తేడా ఆయన బాగా పట్టుకున్నాడు. "నాకేటి తొందర నేదు. ఈస్టరుకి సెప్పినా సాలు. దేవుడొద్దంటే మానేత్తాను. పాస్టరుగారొద్దంటే మాత్రం ఓపాలి ఆలోసిత్తాను."

పాస్టరు గారు వద్దన్నారు.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి వరండాలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, చాలా నెమ్మదిగా వద్దన్నారు. గట్టిగా అన్నా బాగుండేది. దేవుడు ఒకసారి సంకల్పించింది మార్చడని, ఆయనలో నీడ కదిలినంత మార్పు కూడా ఉండదని, మనసు మార్చుకోవడానికి ఆయన మనిషి కాడని చెప్పారు. పెద్దలంతా తలలూపారు. ఆ తలలూపినవాళ్ళలో ఇద్దరు భార్య పోయిన ఏడాది లోపలే రెండో పెళ్ళి చేసుకున్నవాళ్ళు. వాళ్ళ విషయంలో దేవుడికి ఎలాంటి సంకల్పమూ లేనట్టుంది.

"అయ్యగారూ, దేవుడు మారడు, ఒప్పుకున్నాను. కానీ..." అన్నాను.

"కానీ అన్నచోటే సాతాను మొదలవుతాడు తమ్ముడూ."

"సరే, కానీ తీసేస్తాను. నలభై రోజుల్లో మీ ఊరు నాశనమైపోతుందని దేవుడు ఒక ప్రవక్తని పంపి చెప్పించాడు కదా. ఊరంతా గోనెపట్ట కట్టుకుని ఏడ్చింది. పశువులకి కూడా కట్టారు. దేవుడు నాశనం మానుకున్నాడు. అది మారడం కాదా?"

"కాదు. వాళ్ళు మారతారని, తాను క్షమిస్తాడని ఆయనకి ముందే తెలుసు. మానుకున్నాడు, చింతించాడు అన్న మాటలు మనకి అర్థం కావడానికి మన భాషలో చెప్పినవి."

"మరి నలభై రోజుల మాట ఉత్త బెదిరింపా?"

"హెచ్చరిక."

"హెచ్చరికంటే అందులో పైకి చెప్పని షరతు ఒకటి ఉన్నట్టే కదా. మీరు మారితే నేను చెయ్యను అని. మరి మా అప్ప కార్డులో మాత్రం పైకి చెప్పని షరతు ఉండకూడదా?"

పాస్టరు గారు నా వైపు జాలిగా చూశారు. చదువుకున్నవాళ్ళని ఆయన ఎప్పుడూ అలాగే చూస్తారు. "ఆ ఊరు పాపం నుంచి మారింది. మీ అప్ప దేన్నుంచి మారింది?"

"దుఃఖం నుంచి," అన్నాను.

ఆయన ప్రార్థన చేశారు. మా పాస్టరు గారికి వాదన నచ్చకపోతే కళ్ళు మూసేస్తారు. ఎదుటివాడు కూడా మూసుకోక తప్పదు.

ఆ ప్రవక్త కథలో నాకు బాగా నచ్చేది చివరి భాగం. ఊరు బతికిపోయినందుకు ఊరంతా సంతోషంగా ఉంటే, ఆ ఒక్కడు మాత్రం ఊరి బయట సొరపాదు నీడలో కూర్చుని మండిపడుతుంటాడు. నేను చెప్పింది జరగలేదేమని. దేవుడు దయ తలచడం ఆయనకి పరువు సమస్య అయిపోయింది. మా వరండాలో ఆ ప్రవక్తకి చుట్టాలు చాలామంది ఉన్నారని నాకు ఆ రోజే తెలిసింది.

ఇంకొక కథ ఉంది, అది నేను వరండాలో ఎత్తలేదు. జబ్బుపడ్డ ఒక రాజుకి, నువ్వు చచ్చిపోతావు, ఇల్లు చక్కబెట్టుకో అని దేవుడి కబురొస్తుంది. ఆ రాజు గోడ వైపు తిరిగి ఏడుస్తాడు. కబురు తెచ్చినవాడు ఇంకా వాకిలి దాటకముందే, వెనక్కి వెళ్ళు, పదిహేనేళ్ళు ఇచ్చానని చెప్పు అంటాడు దేవుడు. బావ మంచాన ఉన్నప్పుడు అప్ప ఈ కథ రోజూ చదివించుకునేది. బావ పోయాక ఆమె కూడా గోడ వైపే తిరిగి పడుకునేది. కాకపోతే ఆ గోడకి ప్లాస్టిక్కు వేసిన కార్డు ఉండేది.

నేను ఫిజిక్సు వాణ్ణి. క్లాసులో పిల్లలకి చెబుతాను, భూమి ఆకర్షణ మారదు, కానీ పైకి విసిరిన రాయి ఒకచోట ఆగి కిందికి తిరుగుతుంది, నియమం మారనందుకే రాయి దారి మారింది అని. మరుసటి శుక్రవారం ఉపవాస ప్రార్థన దగ్గర పాస్టరు గారికి ఇదే చెప్పాను. ఆయన కరుణ మారదు కాబట్టే మనిషి స్థితి మారినప్పుడు ఆయన తీర్పు మారుతుందన్నాను. మా అమ్మ జ్వరం వస్తే గంజి పోసేది, తగ్గాక ఎండుచేపల పులుసు పెట్టేది, అమ్మ మారిపోయిందని మేమెవ్వరం ఏడవలేదన్నాను. గంజే అమ్మ సంకల్పం, జీవితాంతం గంజే తాగు అనడం అమ్మని గౌరవించడం కాదన్నాను.

"మీ అమ్మగారు దేవుడు కారు," అన్నారాయన.

"ఆకలి వేళకి అంత తేడా తెలిసేది కాదండీ," అన్నాను. ఆ రోజు మేమిద్దరం పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. "పోనీ ఇది చెప్పండి. ఆయన ఏదీ మార్చనప్పుడు మనం శుక్రవారం శుక్రవారం ఎందుకు ఇలా మాడుతున్నాం?"

"ప్రార్థన దేవుణ్ణి మార్చదు. మనల్ని మారుస్తుంది."

"మార్చింది కదండీ. మా అప్పని మార్చింది. ఇప్పుడు ఏం చేద్దాం?"

ఆయన కళ్ళు మూసుకున్నారు.

కాలేజీ స్టాఫ్ రూములో ఈ గొడవంతా చెబితే, నందిగాం నుంచి వచ్చే తెలుగు మేష్టారు టీ గ్లాసు పక్కనపెట్టి నవ్వాడు. "మా దేవుడు పది అవతారాలెత్తినాడు మావా. సేప, తాబేలు, పంది, ఏదీ వదల్నేదు. ఒక్క అవతారంలోనైనా ఎవులి పెళ్ళికైనా అడ్డొచ్చినాడేటి? మీ వోడు ఒక్కపాలీ మారకుండా మీ అప్ప ఇంటికాడ కాపలా కూకున్నాడు."

"ఆయన కూర్చోలేదురా, వీళ్ళు కూర్చోబెట్టారు," అన్నాను. స్టాఫ్ రూమంతా నా వైపు తిరిగేంత గట్టిగా అన్నట్టున్నాను.

ఇక్కడ ఒక చిన్న సంగతి చెప్పాలి. ఇంతవరకూ చెప్పకపోవడానికి కారణం, చెప్పే సందర్భం రాకపోవడమేనని నాకు నేను సర్దిచెప్పుకుంటూ వచ్చాను.

బావ పోయిన ఆ జనవరి ఒకటిన నేను పళ్ళెంలోంచి రెండు కార్డులు తీశాను. మొదటిది నాకు, రెండోది అప్పకి. అలా అని మనసులో అనుకుని మరీ తీశాను. బయటికొచ్చి చేతిపంపు దగ్గర నిలబడి చదివాను. ప్రత్యేకించుకున్నాను, నా సొత్తు అన్నది నాది. అప్పది వేరే. పిల్లల్లేని స్త్రీని ఇంట్లో కుదురుగా నిలిపి, పిల్లల తల్లిగా సంతోషపెడతాడు దేవుడు అన్న అర్థం వచ్చేది.

మొగుణ్ణి మట్టిలో పెట్టి మూడు వారాలు కూడా కాని, పిల్లల్లేని మనిషి చేతిలో ఆ కార్డు ఎలా పెట్టను? ముందటి ఏడాది దీర్ఘాయువు, ఈ ఏడాది సంతానం. దేవుడికి వేళాకోళం అలవాటేమో, నాకు మాత్రం ఆ పూట ఓపిక లేదు. రెండు కార్డులూ మార్చేశాను. రెండు క్షణాల పని. నాది ఆమెకిచ్చాను. ఆమెది నా పర్సులో పెట్టుకున్నాను. అప్పటికి పెళ్ళికాని ఫిజిక్సు మేష్టారు పర్సులో, పిల్లల తల్లివై సంతోషిస్తావన్న వాగ్దానం ఆరేళ్ళు ఉండిపోయింది. చేసింది మంచిపనే అనుకున్నాను. తర్వాత ఆ కార్డు మీద ముప్పావుగంట ప్రసంగం జరుగుతుందని, అది తెల్లచీర అవుతుందని, నా చేతుల్తోనే దానికి ప్లాస్టిక్కు వేయిస్తానని ఊహించలేదు. ఊహించాక కూడా చెప్పలేదు. మొదటి ఏడాది ఆమె మనసు కుదుటపడుతోంది కదా అని. రెండో ఏడాది, ఇప్పుడెందుకులే అని. తర్వాత ఏళ్ళకి కారణాలు కూడా అక్కర్లేకపోయాయి.

నేను కార్డుల్ని నమ్మను. ఒక అచ్చాఫీసు, ఒక కత్తెర, ఒక పళ్ళెం, అంతే. నమ్మనని మళ్ళీ చెబుతున్నాను. కానీ ఎనిమిదేళ్ళ పిల్ల అప్ప కొంగు పట్టుకుని చర్చిలోంచి బయటికి రావడం చూసినప్పుడల్లా నా పర్సు ఎందుకో బరువుగా తగిలేది.

ఈస్టరు ఇంకో రెండు వారాలుందనగా, ఆదివారం ఆరాధన అయ్యాక పాస్టరు గారిని చర్చి వెనక కొబ్బరిచెట్ల కిందికి తీసుకెళ్ళి అంతా చెప్పేశాను. పర్సులోంచి కార్డు తీసి చూపించాను. అంచులు నలిగి, అక్షరాలు మాసి ఉంది. దానికి లామినేషన్ లేదు కదా.

ఆయన కార్డు చదివారు. ఇంకోసారి చదివారు. నేను గెలిచాననుకున్నాను. ఆరేళ్ళుగా మీరు మారనిది, మారనిది అంటూ నిలబెట్టింది దేవుడి మాట కాదండీ, నా చేతివాటం అన్నాను. ఆ మాట ఎప్పటి నుంచో తయారుగా పెట్టుకున్నాను.

ఆయన కార్డు నాకు తిరిగి ఇచ్చేశారు. "నువ్వు మారుస్తావని దేవునికి ముందు తెలియదా తమ్ముడూ?" అన్నారు.

నాకు ఒక్క క్షణం చెవుల్లో సముద్రం తప్ప ఇంకేమీ వినిపించలేదు.

"అంటే?"

"నీ చెయ్యి కూడా ఆయన చేతిలోదే. ఏ కార్డు ఎవరికి చేరాలో అదే చేరింది."

మనిషి బతికితే దేవుడి సంకల్పం. చస్తే దేవుడి సంకల్పం. కార్డు వస్తే సంకల్పం, కార్డు మారితే అంతకంటే పెద్ద సంకల్పం. ఇలాంటి సిద్ధాంతానికి తలుపుల్లేవు, కిటికీల్లేవు. లోపలున్నవాళ్ళకి ఊపిరాడుతోందా అని ఎవరూ అడగరు. "అయ్యగారూ, నేను మారుస్తానని ఆయనకి తెలిస్తే, ఇవాళ వచ్చి మీతో చెబుతానని కూడా తెలుసు కదా. మరి ఇది కూడా ఆయన చేతిలోదే కదా. దీన్ని మాత్రం ఎందుకు వదిలేస్తారు?" అన్నాను. నా గొంతు పెరిగింది. చర్చిలో చాపలు చుడుతున్న ఆడవాళ్ళు ఆగారు.

పాస్టరు గారి పుస్తకాల తెలుగు జారిపోయింది. "ఒరే, అరవకురా. ఆళ్ళింటన్నారు," అన్నారు. తర్వాత మళ్ళీ సర్దుకుని, "సంఘ పెద్దలతో ఆలోచిస్తాను," అన్నారు. మా సంఘ భాషలో దానికి అర్థం, "వద్దు" అని.

కోపంతో బండెక్కాను. చర్చి నుంచి అప్ప ఇంటికి నాలుగు నిమిషాలు. ఆ నాలుగు నిమిషాల్లో పాస్టరు గారిని, పెద్దల్ని, కార్డులు అచ్చువేసినవాణ్ణి, పలాసలో లామినేషన్ కొట్టువాణ్ణి కూడా వరసగా తిట్టుకున్నాను. ఎవ్వరినీ వదల్లేదు.

అప్ప వాకిట్లో పీట మీద కూర్చుని చేటలో మినుములు చెరుగుతోంది. తెల్లచీర కొంగు నడుముకి దోపుకుంది. నా మొహం చూసి, "ఏట్రా, మళ్ళీ అయ్యగారితో తగువెట్టుకున్నావేటి? కూకో. మజ్జిగ తాగుతావేటి?" అంది.

కూర్చోలేదు. నిలబడే చెప్పాను. చేతిపంపు దగ్గర నిలబడి మార్చడం నుంచి ఇందాక కొబ్బరిచెట్ల కింద ఆయనన్న మాట దాకా. పాస్టరు గారి మాటలు ఎక్కువగా చెప్పాను, చేతిపంపు సంగతి కాస్త గబగబా దాటించాను. మాసిన కార్డు ఆమె చేతికిచ్చాను. ఆమె కళ్ళు చిన్నవి చేసి, పెదవులు కదుపుతూ చదివింది. లేచి లోపలికి వెళ్ళి గోడ మీది కార్డు తెచ్చింది. మేకు కూడా దాంతో వచ్చేసింది. రెండింటినీ చేటలో మినుముల మీద పక్కపక్కన పెట్టింది.

ఆమె సంతోషిస్తుందని నేను ఎదురుచూస్తున్నాను.

"ఇది నాకొచ్చిందేటి?" మాసిన కార్డు మీద నల్లటి వేలు పెట్టి అడిగింది.

"ఆఁ."

"ఎందుకు మార్సినావు?"

"చదివితే నువ్వు ఏడుస్తావని."

"ఏడిసేదాన్ని. ఏడిసి ఊరుకుందును." కార్డు తిప్పి చూసింది. వెనక ఏమీ లేదు. వేలు ప్లాస్టిక్కు కార్డు మీదికి జరిపింది. "ఏడవకుండా ఉన్నానేటి, ఇది సదివి?"

నేను మాటల్లో మళ్ళీ పాస్టరు గారి దగ్గరికి వెళ్ళిపోయాను. ఆయన ఎంత మూర్ఖంగా మాట్లాడారో, మారని దేవుడి పేరు చెప్పి మనుషులు తమ మొండితనాన్ని ఎలా దాచుకుంటారో, పెద్దలు ఎలాంటివాళ్ళో, కార్డుల వ్యవహారమంతా ఎంత దగానో. బాగానే మాట్లాడాననుకుంటాను. అప్ప వింటూ మినుముల్లోంచి ఒక రాయి ఏరి బయట పారేసింది.

"మరి ఆ పనసకాయ తెచ్చినాయనకి ఏం చెప్పమంటావు? ఈస్టరు దగ్గరకొచ్చేసింది," అన్నాను.

"నువ్వేటీ సెప్పకు. నాను సెప్పుకుంటాను." రెండు కార్డులూ చేటలోంచి తీసింది. మాసినదాన్ని రవికెలో పెట్టుకుంది. ప్లాస్టిక్కు వేసినదాన్ని నా చేతిలో పెట్టింది. "ఇది నీది."

తర్వాత చేట ఒళ్ళోకి తీసుకుని, తలెత్తి నన్ను చూసింది.

"దేవుడి మీద కోపం నీకు, అయ్యగారి మీద కోపం, పెద్దల మీద కోపం. కాగితం మార్సినోడి మీద మాత్రం రానేదేట్రా?"